పర్షియన్ నేర్చుకుంటే కెరీర్ ఉంటుందా?

ఇష్టం ఉంది కానీ స్కోప్ ఉందా అని అడిగారు. బీటెక్ అయ్యాక సాయంత్రాలు పాతబస్తీలో ఒక పెద్దాయన దగ్గర ఫార్సీకి, అదే పర్షియన్ నేర్చుకోడానికి, వెళ్తుంటే మా నాన్న కూడా ఇదే అడిగేవారు. నేను ఎడ్వర్డ్ బ్రౌన్ పేరు చెప్పేవాణ్ణి. మన సీపీ బ్రౌన్ కాదండోయ్, ఈయన 1862లో పుట్టి కేంబ్రిడ్జ్‌లో పర్షియన్ చెప్పినాయన.

వాళ్ల నాన్న ఇంజనీరు, కొడుకు కూడా ఇంజనీరే కావాలన్నాడు, చివరికి మెడిసిన్‌కి రాజీపడ్డారు, అచ్చం మన ఇళ్లే. కుర్రాడేమో 1877 రష్యా-టర్కీ యుద్ధం వార్తలు చదివి టర్కీ వాళ్ల మీద అభిమానంతో టర్కిష్ మొదలుపెట్టి అట్నుంచి పర్షియన్‌లో పడ్డాడు.

అసలు మజా ఆయన గురువుగారిది. లండన్‌లో దొరికిన మీర్జా ముహమ్మద్ బాకిర్. షియా ముస్లింగా మొదలై దర్వేషు (సూఫీ ఫకీరు), క్రైస్తవుడు, నాస్తికుడు, యూదుడు అన్నీ అయిపోయి, చివరికి ఇస్లామూ క్రైస్తవమూ కలిపి సొంత మతమే కట్టుకున్నాడు! వేరే కవుల్ని చదువుదామంటే కుదరదు, చదివితే ఖురాన్, లేదంటే ఈయన రాసిన పద్యాలు, అవి ఈయనే కూర్చుని విప్పి చెప్తే తప్ప ఎవరికీ అర్థం కావు. పాపం బ్రౌన్ అవే చదివాడు. మా మాస్టారూ అంతే, తన గజళ్లు రెండు వినిపిస్తే గానీ పర్షియన్ మహాకవి సాదీ పుస్తకం తెరిచేవారు కాదు. భాష ఇలాంటి మొండి మనుషుల దగ్గరే వస్తుంది, రాసిస్తా. యాప్‌లో ఐదు నిమిషాలు నొక్కి స్ట్రీక్ స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట.

1887లో డాక్టర్ పట్టా రాగానే బ్రౌన్ ఇరాన్ వెళ్లిపోయాడు. కెర్మాన్‌లో కళ్లు వాచి, ఆ నొప్పికి నల్లమందు పీల్చి దానికి అలవాటు పడిపోయాడు, డాక్టరై ఉండి! కేంబ్రిడ్జ్ పర్షియన్ పోస్టు గురించి తంతి రాబట్టి కదిలాడు గానీ లేకపోతే అక్కడే ఉండిపోయేవాడని నా అనుమానం. తర్వాత పర్షియన్ సాహిత్య చరిత్ర నాలుగు సంపుటాలు, 1902 నుంచి 1924 దాకా. రాజు అధికారానికి హద్దులు పెట్టాలన్న ఇరాన్ రాజ్యాంగ ఉద్యమానికి కూడా గట్టిగా వకాల్తా పుచ్చుకున్నాడు, అందుకే 1979 ఇస్లామిక్ విప్లవం తర్వాత కూడా టెహ్రాన్‌లో ఒక వీధికి ఆయన పేరు అలాగే ఉంచారు.

అయితే ఆయనది డబ్బున్న ఇల్లు, అది మర్చిపోకండి. హైదరాబాద్‌లో ఉంటే తార్నాకలో పాత ప్రభుత్వ కాగితాలు దాచే స్టేట్ ఆర్కైవ్స్‌కి ఒకసారి వెళ్లండి, మొఘల్ కాలం పర్షియన్ కాగితాలు లక్షకు పైగా ఉన్నాయి, చదవగలిగేవాళ్లే దొరకరు. జీతం సంగతి మాత్రం నన్నడక్కండి, నేను ఇప్పటికీ సాఫ్ట్‌వేరే.