వౌచర్‌తో వచ్చే అద్దెదారు: ఇంటి యజమానుల సందేహాలకు సమాధానాలు

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మేము ఉంటున్న ఇల్లు కాక మరొక టౌన్‌హౌస్ కొని, నెలకు 2,400 డాలర్లకు అద్దెకు పెట్టాము. ఇద్దరు పిల్లలున్న ఒక తల్లి సెక్షన్ 8 వౌచర్‌తో (తక్కువ ఆదాయం ఉన్నవారికి అద్దె కట్టడంలో ప్రభుత్వం ఇచ్చే సాయంతో) దరఖాస్తు చేసుకున్నారు. ఆమె ఆదాయం చాలా తక్కువ. ప్రభుత్వ సాయంతో ఉండేవారు ఇల్లు పాడుచేస్తారని టెక్సస్‌లోని మిత్రులు హెచ్చరిస్తున్నారు. మర్యాదగా కాదనవచ్చునా? ఒప్పుకుంటే అద్దె సరిగా అందుతుందా?

జవాబు: వౌచర్ ఉన్నదన్న కారణంతో మీరు ఆమెను కాదనడానికి వీలు లేదు. అద్దె కట్టే సొమ్ము చట్టబద్ధమైనదైతే అది ఎక్కడి నుంచి వస్తున్నదన్న దానిని బట్టి వివక్ష చూపడాన్ని న్యూజెర్సీ చట్టం నిషేధించింది. ‘సెక్షన్ 8 వారికి ఇవ్వము’ అని ప్రకటనలో రాయడం కూడా ఉల్లంఘనే. ఫెడరల్ చట్టంలో ఈ నిషేధం లేదు. పైగా టెక్సస్ తన నగరాలు ఇటువంటి నిబంధనలు పెట్టకుండా 2015లో చట్టమే చేసింది. కనుక అక్కడి మిత్రుల సలహా మీకు ఇక్కడ చిక్కు తెచ్చిపెడుతుంది.

ఆదాయం విషయంలోనే చాలామంది యజమానులు పొరబడుతున్నారు. 1974లో మొదలైన ఈ పథకంలో కుటుంబం సాధారణంగా తన సవరించిన (కొన్ని మినహాయింపులు పోను) నెలసరి ఆదాయంలో 30 శాతం అద్దెకు కట్టుకుంటుంది. ఆ ప్రాంతానికి నిర్ణయించిన పరిమితికి లోబడి, మిగిలిన అద్దెను హౌసింగ్ అథారిటీ, అంటే స్థానికంగా ఈ పథకాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ, నేరుగా యజమాని ఖాతాకు పంపుతుంది. ఉదాహరణకు ఆమె వాటా 600 డాలర్లు, అథారిటీ వాటా 1,800 డాలర్లు అనుకుందాం. అద్దెకు మూడింతల ఆదాయం ఉండాలన్నది మీ షరతైతే, దానిని ఆ 600 మీదనే లెక్కించాలి. అంటే ఆమె 1,800 డాలర్ల ఆదాయం చూపితే చాలు. మొత్తం అద్దె లెక్కన 7,200 చూపమనడం చట్టరీత్యా చెల్లదు. ఈ లెక్క వేసుకున్న తరువాత ఆమె ఆదాయం మీకు తక్కువగా కనిపించకపోవచ్చు. నెలనెలా అద్దెలో ముప్పాతిక భాగం ప్రభుత్వం నుంచి వచ్చే అద్దెదారును భయపడవలసిన మనిషిగా చూడడం సరికాదని నా దృఢాభిప్రాయం.

ఇల్లు పాడుచేస్తారన్న భయానికి మందు వౌచర్ లేనివారి విషయంలో మీరు చేసే పనే: పాత యజమానులతో మాట్లాడండి, అందరికీ పెట్టే పరిశీలననే ఆమెకూ పెట్టండి, డిపాజిట్ తీసుకోండి. న్యూజెర్సీలో డిపాజిట్ నెలన్నర అద్దెకు మించకూడదు. క్రెడిట్ హిస్టరీ లేదన్న ఒక్క మాటతో, చేతిలో ఉద్యోగం ఉండి కూడా, అమెరికా వచ్చిన కొత్తలో అద్దె ఇంటి కోసం తిరిగినవారు మనలో ఎందరో ఉన్నారు. ఆ అవమానం మరొకరికి మన గుమ్మంలో ఎదురుకాకూడదు.

ఇక ఆచరణలో మీరు గట్టిగా పట్టించుకోవలసినది తనిఖీ. మీరూ, అద్దెకు వచ్చే ఆమే సంతకం చేసిన అద్దె అనుమతి దరఖాస్తు అందిన తరువాత అథారిటీ మనిషి వచ్చి ఇల్లు చూస్తారు. చుట్టుపక్కల అద్దెలతో మీ అద్దెను పోల్చి సమంజసమా కాదా తేలుస్తారు. ఇల్లు చక్కగానే ఉన్నా చిన్న విషయాల దగ్గర ఆగిపోతుంది: ఏదో ఒక అంతస్తులో పనిచేయని స్మోక్ అలారం, బేస్‌మెంట్ మెట్లకు లేని చేతికమ్మి, తాళం పడని కిటికీ, వాటర్ హీటర్ ప్రెషర్ వాల్వ్ నుంచి నేల దగ్గరకు దిగవలసిన గొట్టం లేకపోవడం. ముందే ఒక సాయంత్రం కూర్చుని ఇవన్నీ చూసుకోండి. తనిఖీ నెగ్గకముందు తాళంచెవులు ఇవ్వకండి, ఎందుకంటే సాధారణంగా ఆ ముందు రోజులకు అథారిటీ అద్దె చెల్లించదు. మొదటి చెల్లింపు ఆలస్యం కావడం కద్దు. మార్ట్‌గేజ్ వాయిదాకు కొంత సొమ్ము విడిగా ఉంచుకోండి. ఒకవేళ అథారిటీ వాటా ఆలస్యమైతే దానికి ఆమెను ఖాళీ చేయమనకూడదు.

ఒప్పందంలో లేని సొమ్మును పార్కింగ్ పేరుతోనో మరో పేరుతోనో చేతికి తీసుకోకండి. అది పథకం నిబంధనలకు పూర్తిగా విరుద్ధం. మొదటి లీజు కాలంలో అద్దె పెంచరాదు, ఆ తరువాత పెంచదలిస్తే కనీసం 60 రోజుల ముందు అథారిటీకి రాతపూర్వకంగా తెలపాలి.

ప్రశ్న: నాన్నగారికి అమెరికా పౌరసత్వం వచ్చింది, ఇప్పుడు వౌచర్ కూడా మంజూరయింది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో నా పేర ఉన్న రెండో ఇంట్లో అమ్మానాన్నలను అద్దెకు ఉంచి ఆ సాయం తీసుకోవచ్చునా?

జవాబు: తీసుకోకూడదు. అద్దెకుండే కుటుంబంలో ఎవరికైనా యజమాని తల్లి, తండ్రి, సంతానం, తాత, అవ్వ, మనుమలు, తోబుట్టువులలో ఒకరైతే ఆ ఇంటికి ఈ పథకం వర్తించదు. కుటుంబంలో ఒకరికి వైకల్యం ఉండి, ఆ ఇల్లే వారికి అనువైనదని హౌసింగ్ అథారిటీ ఒప్పుకున్నప్పుడు మాత్రమే మినహాయింపు దొరుకుతుంది. అటువంటి పరిస్థితి ఉంటే డాక్టరు పత్రాలతో ముందే రాసి అడగండి; బంధుత్వం దాచి సంతకం చేయడం మోసం కిందికి వస్తుంది, అందిన సొమ్ము తిరిగి కట్టవలసి రావచ్చు. లేదంటే మీకు దగ్గరలో వౌచర్ తీసుకోవడానికి ఒప్పుకునే మరొక యజమాని ఇల్లు చూడండి. వెతుక్కోవడానికి మొదట కనీసం 60 రోజులు ఇస్తారు. చాలకపోతే ఆ గడువు ముగియకముందే పొడిగింపు కోరాలి.