పాఠకుల ప్రశ్నలు: మ్యూజియంలో జపాన్ ఇళ్లు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్‌లో కట్టిన ఇళ్ల గురించి రోమ్, లండన్, టోక్యో నగరాల మ్యూజియంలు పెద్ద ప్రదర్శన నిర్వహించాయని చదివాను. గుడులూ కోటలూ ఉండగా మామూలు మనుషుల ఇళ్లను అంతగా చూపవలసిన అవసరం ఏమిటి?
– ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: మీరు చదివిన ప్రదర్శన 2016 నవంబరులో రోమ్‌లోని మాక్సీ మ్యూజియంలో మొదలై, 2017లో లండన్‌లోని బార్బికన్ కళాకేంద్రానికి, ఆపైన టోక్యోలోని జాతీయ ఆధునిక కళా మ్యూజియానికి వెళ్లింది. యుద్ధం ముగిసేనాటికి బాంబుదాడుల్లో నగరాలు కాలిపోయి, జపాన్‌కు సుమారు 42 లక్షల ఇళ్లు తక్కువ పడ్డాయి. కలపకూ డబ్బుకూ కరువైన ఆ రోజుల్లో, ఒక కుటుంబం మర్యాదగా బతకడానికి కనీసం ఎంత చోటు కావాలన్న ప్రశ్నను అక్కడి ఆర్కిటెక్టులు తమ వృత్తిలోకెల్లా గౌరవప్రదమైన ప్రశ్నగా స్వీకరించారు. మకోతో మసుజావా 1952లో తన కోసం కట్టుకున్న ఇల్లు నేల మీద ఆక్రమించిన చోటు దాదాపు 30 చదరపు మీటర్లే. కోటలు చూపితే ఈ చరిత్ర తెలియదు. 1954లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తన ఆవరణలో జున్‌జో యోషిమురా రూపొందించిన ఒక జపాన్ ఇంటిని నిలబెట్టింది. అది ఎంతో అందమైనదే గాని, కొన్ని శతాబ్దాల నాటి పెద్దల నివాసాల తరహాలోనిది. ఆనాటి టోక్యో గృహస్థు బతుకు అందులో లేదు. ఆ లోటును 2016 నాటి ప్రదర్శన తీర్చిందని నా అభిప్రాయం.

ఇంకొక కారణం, అక్కడ పాత ఇళ్లు నిలవకపోవడం. భూమికున్న విలువ ఇంటికి ఉండదు కనుక, స్థలం చేతులు మారితే ఇల్లు పోతుంది. ఆర్కిటెక్టు తోయో ఇతో 1976లో తన అక్క కోసం కట్టిన ‘వైట్ యు’ ఇంటిని 1997లో కూల్చేశారు. మరో ఆర్కిటెక్టు కెంజో టాంగే సొంత ఇల్లు కూడా నేడు లేదు. ఇలాంటి వాటిని ఇప్పుడు నక్షాలలోనూ ఫొటోలలోనూ మాత్రమే చూడగలం.

ప్రశ్న: ఆర్కిటెక్చర్ చదువుతున్న మా అబ్బాయి ఆ ప్రదర్శన పుస్తకం చూసినప్పటి నుంచి, మాకున్న 20×30 అడుగుల సైటులో, ఒసాకాలో ఆర్కిటెక్టు ఆండో కట్టిన ఇంటిలాగా నడుమ ఆకాశం కనిపించేలా కట్టుకుందామని పట్టుబడుతున్నాడు. మాతో మా అత్తగారు కూడా ఉంటారు. అది మనకు పనికివచ్చే ఇల్లేనా?
– ఒక పాఠకురాలు, బనశంకరి, బెంగళూరు

జవాబు: మీ అబ్బాయి పోలికలో న్యాయం ఉంది. టాడావో ఆండో 1976లో సుమియోషి అనే పేటలో కట్టిన ఆ ఇంటి స్థలం సుమారు 57 చదరపు మీటర్లు. మీ సైటు దాదాపు 56. అయితే అది వరుస ఇళ్ల నడుమ ఇరుక్కున్న సన్నని పొడవాటి స్థలం. ఆండో వీధివైపు కిటికీ లేకుండా, ఒక్క ద్వారం మాత్రమే విడిచి కాంక్రీటు గోడ లేపి, లోపలి పొడవును మూడు సమభాగాలు చేసి, నడిమి భాగాన్ని కప్పు లేకుండా వదిలేశారు. వెలుతురూ గాలీ అక్కడి నుంచే రావాలి. మేడమెట్లు, పైగదులను కలిపే వంతెన కూడా ఆరుబయటే ఉన్నందువల్ల, పడకగదిలోని వారు రాత్రివేళ స్నానాలగదికి పోవాలంటే వానలో గొడుగు పట్టుకుని కిందికి దిగాలి.

నమూనాలో ఈ ఇల్లు ముచ్చటగా కనిపిస్తుంది. వాన మాత్రం నమూనాలో కురవదు. ర్యూఎ నిషిజావా 2005లో టోక్యోలో కట్టిన మోరియామా ఇంటిని బార్బికన్‌లో నిలువెత్తున మళ్లీ కట్టి, జనాన్ని లోపల తిరగనిచ్చారు. అసలు ఇల్లు విడివిడిగా ఉన్న పది పెట్టెల వంటి గదుల సముదాయం. గదికీ గదికీ నడుమ మట్టి, మొక్కలు, బయటి గాలి ఉంటాయి. మ్యూజియం ఎంత శ్రద్ధతో కట్టినా ఆ సందుల మీద ఉన్నది హాలు కప్పే. ఇళ్ల ప్రదర్శన చూసేవారు అందుకే, ఇందులో ఎవరున్నారు, ఏమి ఓర్చుకున్నారు అని తప్పక విచారించాలి. తకామిత్సు అజుమా 1966లో సుమారు 20 చదరపు మీటర్ల చోట టవర్‌లా లేపిన ఇంట్లో స్నానాలగదికి కూడా తలుపు లేదు. భార్యాబిడ్డలతో ఆయన అందులోనే కాపురమున్నారు. సుమియోషి ఇంటివారు కూడా ఆ ఇంటిని వదలలేదు. వారు తెలిసి ఎంచుకున్న కష్టాన్ని మీ అత్తగారి మీద పెట్టడం భావ్యం కాదు.

మన మండువా లోగిలిలో కూడా వాన ఇంటి నడుమనే పడుతుంది, కాని చుట్టూ వసారా ఉన్నందువల్ల గది నుంచి గదికి తడవకుండా నడవవచ్చు. మీ సైటులో నాలుగు వైపులా వసారాకు చోటు చాలదు. ఒక పక్క గోడ వెంబడి మూడు నాలుగడుగుల కప్పున్న దారి చాలు. ఇరుపక్కలా ఇళ్లు ఆనుకుని ఉండే పేటల్లో నడిమి ఖాళీ నిజంగా మేలు చేస్తుంది, ఒసాకా చలికాలంతో పోలిస్తే బెంగళూరు చలి తట్టుకోదగినదే కూడా. మీ సైటు చుట్టూ నిబంధనల ప్రకారం ఎంత జాగా వదలాలో ముందు తేల్చుకుని, మిగిలినదాన్ని బట్టి ఆ ఖాళీ కొలత నిర్ణయించమనండి. అత్తగారి గది, ఆమె స్నానాలగది కింది అంతస్తులో ఒకే పక్కన ఉండాలి. మెట్లు కప్పు కిందే రావాలి. ఆ ఖాళీలో పడిన వాననీరు ఇంట్లోకి రాకుండా సంపులోకి పోయే వాలును, గొట్టాన్ని నక్షా దశలోనే గీయించండి, దోమతెర తలుపులకు చోటు కూడా అప్పుడే వదిలించండి.