అరువు సెట్టింగులు

ప్రశ్న: నాన్న పాత ల్యాప్‌టాప్ నాకిచ్చారు. ర్యామ్ 4 జీబీ. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయని లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. మా సీనియర్ తన సెట్టింగుల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇస్తే అన్నీ కాపీ చేసేశాను. చూడ్డానికి బాగుంది కానీ కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరుచుకోవడానికి నాలుగు సెకన్లు పడుతోంది. కొన్ని కమాండ్లు ఇంకోలా పనిచేస్తున్నాయి. టెర్మినల్లో తెలుగు ఒత్తులు కూడా విడిపోతున్నాయి. నాకు తగ్గట్టు మార్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక డిగ్రీ విద్యార్థిని, నర్సీపట్నం

జవాబు: ఆ అరువు సరుకు పక్కన పెట్టడంతో మొదలుపెట్టండమ్మా. టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ, కమాండ్లను అందుకుని నడిపే బాష్ అనే ప్రోగ్రాం మీ హోమ్ ఫోల్డర్‌లోని 'డాట్ బాష్‌ఆర్‌సీ' ఫైలును పై నుంచి కింది దాకా చదివి, అందులో చెప్పినవన్నీ చేస్తుంది. మీ సీనియర్ అందులో నెట్ నుంచి వాతావరణం తెచ్చి చూపించే ముక్కలాంటిది ఏదో పెట్టుకుని ఉంటారు. ఆయనకది ముచ్చట, మీకు నాలుగు సెకన్లు.

ఫైల్ మేనేజర్లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే చుక్కతో మొదలయ్యే ఫైళ్లన్నీ కనబడతాయి. సీనియర్ ఇచ్చిన బాష్‌ఆర్‌సీని చెరిపెయ్యకుండా పేరు మాత్రం మార్చండి. తర్వాత 'ఈటీసీ' ఫోల్డర్‌లో 'స్కెల్' అనే డైరెక్టరీ వెతకండి. స్కెల్ అంటే స్కెలిటన్, అస్థిపంజరం. సిస్టమ్‌లో కొత్త యూజర్ని చేర్చినప్పుడు హోమ్ ఫోల్డర్‌లోకి వచ్చి పడే మొదటి ఫైళ్లు అక్కడే ఉంటాయి. అక్కడి బాష్‌ఆర్‌సీని తెచ్చి పెట్టుకుంటే ఎవరి చెయ్యీ పడని టెర్మినల్ మీ ముందుంటుంది.

ఇక ఓ వారం దాన్ని అలాగే వాడండి. పక్కన ఒక కాగితం ఉంచుకోండి. ఏ పొడుగాటి కమాండునైనా మూడోసారి టైపు చేస్తూ విసుక్కున్నారంటే దానికో ఎలియాస్, అంటే ముద్దుపేరు, పెట్టుకునే వేళయిందన్నమాట. ఎలియాస్‌లు 'డాట్ బాష్ అండర్‌స్కోర్ ఎలియాసెస్' అనే విడి ఫైల్లో రాయండి, బాష్‌ఆర్‌సీ దాన్ని తనే చదువుకుంటుంది. ప్రతి దాని పైనా హ్యాష్ గుర్తు పెట్టి, ఎందుకు పెట్టుకున్నారో తెలుగులోనే ఒక ముక్క రాసుకోండి. ఆరు నెలల తర్వాత అదే అక్కరకొస్తుంది.

అసలు కమాండు పేరునే ఎలియాస్‌గా పెట్టుకోకండి. మీ కమాండ్లు ఇంకోలా పనిచేయడానికీ ఇదే కారణం కావచ్చు. ఇది దెబ్బ తిని చెబుతున్న మాట. ఫైళ్లు చెరిపే 'ఆర్‌ఎం', చెరిపే ముందు ప్రతిసారీ నన్ను అడిగేలా అదే పేరుతో ఎలియాస్ పెట్టుకున్నాను. రెండేళ్లలో ఎంత అలవాటైందంటే, ఎలాగూ అడుగుతుందిలే అన్న ధీమాతో కమాండు కొట్టేసేవాణ్ణి. ఓ రోజు ఆఫీసు సర్వర్లో అలాగే కొట్టాను. అక్కడ నా ఎలియాస్ లేదు. అది అడగనూ లేదు. మూడు నెలల రిపోర్టులు పోయాయి. ఇప్పుడు నా ఎలియాస్ పేరు 'అడుగు'. అది లేనిచోట 'అలాంటి కమాండు లేదు' అని ఊరుకుంటుంది, అంతే.

హిస్టరీ, అంటే మీరు కొట్టిన పాత కమాండ్ల జాబితా, మాత్రం మొదటి రోజే పెంచుకోండి. స్కెల్ నుంచి తెచ్చిన ఫైల్లో ఆ జాబితా పొడవు చెప్పే హిస్ట్‌సైజ్ 1000, హిస్ట్‌ఫైల్‌సైజ్ 2000 ఉంటాయి. నేను రెంటికీ చెరో సున్నా తగిలించాను. కంట్రోల్, ఆర్ నొక్కి రెండక్షరాలు కొడితే ఎప్పుడో వాడిన కమాండు కూడా దొరుకుతుంది. నన్నడిగితే కమాండు కొట్టేచోట కనబడే ప్రాంప్టుకు పది రంగులద్దడం కంటే ఇదే మేలు.

డెస్క్‌టాప్ సంగతికొస్తే, కీబోర్డు సెట్టింగుల్లో టెర్మినల్‌కీ, బ్రౌజర్‌కీ షార్ట్‌కట్లు పెట్టుకుంటే ప్రస్తుతానికి చాలు. థీమ్‌లు సెలవుల్లో చూసుకోవచ్చు.

తెలుగు టైపింగుకు, కీబోర్డు భాష మార్చే ప్రోగ్రాం ఐబస్‌తో పాటు దాని ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోండి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ అనే రెండు తెలుగు కీబోర్డు పద్ధతులూ వస్తాయి. ఒత్తులు విడిపోవడం మీ తప్పు కాదు. టెర్మినల్ తెరను గళ్ల కాగితంలా సమానంగా కోసి, గడికో అక్షరం చొప్పున పేరుస్తుంది. మన 'లక్ష్మి' ఆ గళ్లలో ఎక్కడ ఇముడుతుంది? ఫాంటు మారిస్తే కొంత నయమవుతుందేమో కానీ పూర్తిగా పోదు. ఫైల్లోని అక్షరాలకేమీ కాలేదు. అదే ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్లో తెరిచి చూడండి, ఒత్తులు కుదురుగా ఉంటాయి.

సీనియర్ గారి ఫైలు ఉంచారు కదా, తీరిక దొరికినప్పుడు రోజుకు పది వరుసలు చదవండి. అర్థమైనవీ, అవసరమైనవీ మాత్రం మీ ఫైల్లోకి తెచ్చుకోండి. ఆ మార్పులు, ఫైళ్ల పాత రూపాలు గుర్తుంచుకునే గిట్‌లో దాచుకుంటే మంచిదే, కానీ హోమ్ ఫోల్డర్ మొత్తాన్ని ఎక్కించొద్దు. అందులో 'డాట్ ఎస్‌ఎస్‌హెచ్' ఫోల్డర్ ఉంటుంది, వేరే కంప్యూటర్లలోకి మీరు లాగిన్ అయ్యే రహస్య తాళంచెవులు ఉండేది దాంట్లోనే.