జడ్జి పరీక్షకు ముందు ఆ మూడేళ్లు ఎక్కడ గడపాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఎల్‌ఎల్‌బీ పూర్తిచేస్తోంది. జూనియర్ సివిల్ జడ్జి కావాలని పట్టుదల. మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేశారు కదా, పేరుకు ఎన్‌రోల్ చేయించి కోచింగ్‌లో చేర్పిస్తే సరిపోదా? కోర్టుల చుట్టూ తిరిగితే చదువు అటకెక్కుతుందని నా భయం. (ఒక తండ్రి, తెలంగాణ)

జవాబు: సరిపోదండీ. ముందు కాగితాల సంగతి చూద్దాం. 2002లో తీసేసిన ప్రాక్టీసు నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే 20 నాటి తీర్పుతో తిరిగి తెచ్చింది. ఆ తీర్పు ప్రకారం మూడేళ్లను లెక్కించేది ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా తాత్కాలిక నమోదు) తేదీ నుంచి. బార్ పరీక్ష ఎప్పుడు పాసయ్యారన్నది ఈ లెక్కలోకి రాదు. అందుకే ఫలితాలు రాగానే బార్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టించండి. నెల జాప్యంతో ఒక నోటిఫికేషనే చేజారవచ్చు.

ప్రాక్టీసు చేసినట్టు కనీసం పదేళ్ల అనుభవమున్న న్యాయవాది సర్టిఫికెట్ ఇవ్వాలి, దానిమీద అక్కడి ప్రధాన న్యాయాధికారి సంతకం ఉండాలి. కోర్టు హాల్లో ఎన్నడూ కనిపించని అమ్మాయికి ఆ సంతకం ఎవరు పెడతారు? జీతం మీద పూర్తికాలం ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చూపించడం కూడా కుదరదు. జడ్జి దగ్గర లా క్లర్క్‌గా చేసిన కాలం మాత్రం లెక్కలోకి వస్తుంది.

మొదటి రోజు నుంచే సీనియర్ వకాలత్‌లో (కక్షిదారు లాయరుకు రాసిచ్చే అధికారపత్రం) తన పేరూ చేర్పించుకోవాలి. పేరు ప్రతిచోటా ఒకే స్పెల్లింగ్‌తో ఉండాలి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరం రాస్తే కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో న్యాయవాది పేరుతో వెతికినప్పుడు సగం కేసులు దొరకవు. డైరీలో తేదీ, కేసు నంబరు, 16 అక్షరాల సీఎన్‌ఆర్ (ఈ-కోర్ట్స్‌లో ప్రతి కేసుకూ ఉండే గుర్తింపు సంఖ్య), ఆ రోజు ఏం జరిగిందో ఒక ముక్క రాసుకోమనండి.

ఇక అసలు సంగతి: సీనియర్ ఎంపిక. హైకోర్టు అనగానే తల్లిదండ్రులకు మోజు. కానీ అక్కడ రిట్లు చాలావరకు అఫిడవిట్ల మీదే తేలిపోతాయి, సాక్షి బోనెక్కడం కనిపించదు. రేపు ఆ అమ్మాయి కూర్చోబోయేది ట్రయల్ కోర్టులో. సివిల్, క్రిమినల్ రెండూ చూసే, సొంతంగా క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేసే జిల్లా కోర్టు సీనియర్ దగ్గర చేర్చండి.

అక్కడ నేర్చుకోవలసింది ముఖ్యంగా ఒకటుంది: ఇరుపక్షాల మధ్య తగువు సరిగ్గా ఎక్కడుందో పట్టుకోవడం. ఉదాహరణకు, వాది రెండెకరాలు కొన్నానని, ప్రతివాది పడమటి గట్టు దాటి వస్తున్నాడని ఇంజంక్షన్ (అలా రాకుండా ఆపే ఉత్తర్వు) దావా వేశాడనుకోండి. రిజిస్ట్రీ నిజమే గానీ అటువైపు 6 గుంటలు నా సర్వే నంబరులోవి అని ప్రతివాది రిటన్ స్టేట్‌మెంట్ (రాతపూర్వక జవాబు) వేశాడు. అంటే రిజిస్ట్రీ మీద పేచీ లేదు, పేచీ అంతా ఆ 6 గుంటలు ఎక్కడ పడతాయన్నదే. దాన్ని ఇష్యూగా (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నగా) పెట్టకుండా ‘వాది ఇంజంక్షన్‌కు అర్హుడా’ అని ఊరుకుంటే సాక్షులంతా రిజిస్ట్రీ గురించే చెప్పి దిగిపోతారు. సర్వేయర్ సాయంతో అడ్వకేట్ కమిషనర్ (ఇందుకు కోర్టు నియమించే న్యాయవాది) కొలిపించాలన్న ఆలోచన ఆర్గ్యుమెంట్ల దాకా ఎవరికీ తట్టదు. పైగా హక్కే వివాదమైతే ఉత్త ఇంజంక్షన్ దావా నిలవడం కష్టం, డిక్లరేషన్ (హక్కు నాదేనని కోర్టు ప్రకటన) కూడా అడగాల్సి ఉంటుందని అనాతుల సుధాకర్ కేసులో 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకని వారానికి రెండు కేసు కట్టలు తీసి, ప్లెయింట్ (వాది దావా పత్రం), రిటన్ స్టేట్‌మెంట్ మాత్రమే చదివి, ఇష్యూలు తనే రాసుకుని, కోర్టు ఫ్రేమ్ చేసినవాటితో పోల్చుకోమనండి. మెయిన్స్ సివిల్ పేపర్‌కు దీన్ని మించిన తయారీ ఉండదు.

మెయిన్స్‌లో అనువాదం కూడా ఉంటుంది. దానికి వాంగ్మూలాలే పాఠ్యపుస్తకం. సాక్షి ‘గట్టు జరిపిండు’ అంటే, జరుపుతుంటే చూశాడా, జరిపి ఉన్నాక చూశాడా? ఇంగ్లిష్‌లో ఏ క్రియారూపంతో ఎక్కిందన్నదాన్ని బట్టి ఒక్కోసారి కేసే తిరిగిపోతుంది.

చదువుకు భయపడకండి. పొద్దున కాల్ వర్క్ (కేసులు పిలిచి వాయిదాలు వేయడం), తర్వాత ఎవిడెన్స్ నడిచే హాలు. సాయంత్రం ఆ రోజు విన్న సెక్షన్‌ను బేర్ యాక్ట్‌లో (వ్యాఖ్యానం లేని అసలు చట్టం) చదివితే అదే సిలబస్. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతి ఐపీసీయే వర్తిస్తుంది గనుక భారతీయ న్యాయ సంహితతో పాటు పాత సెక్షన్లూ తెలియాలి. కోచింగ్ కావాలనుకుంటే మూడో ఏడాది చాలు, మొదటి రెండేళ్లు దండగ.

ఖర్చుకు మాత్రం మీరు సిద్ధపడాలి. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది; అది సూచనే, చాలా ఆఫీసుల్లో అమలు కాదు. సీనియర్‌ను కలిసిన రోజే స్టైపెండ్ ఎంత, ఏడాదిలోపు చిన్న సాక్షినైనా చీఫ్ (మన పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేయనిస్తారా అని అడగమనండి. రెండో ప్రశ్నకు నీళ్లు నమిలితే ఇంకో ఆఫీసు చూసుకోవడం మేలు.