చిన్నా, ఆ డిస్క్ వేసే ముందు

చిన్నా,

పిల్లల్ని సైనికులుగా మార్చే కథతో వచ్చిన ‘బీస్ట్స్ ఆఫ్ నో నేషన్’ సినిమా డిస్క్ చేతికొచ్చిందనీ, వచ్చే శనివారం బ్రాడీపేటలో మీ మేడమీద గదిలో ప్రొజెక్టర్ పెట్టి నీ ట్యూషన్ పిల్లలందరికీ వేస్తాననీ రాశావు. ముందు ఒక్కటి గట్టిగా చెప్తాను, మిగతావి తర్వాత. పదో తరగతి పిల్లలకి మాత్రం వెయ్యకు. కథ పిల్లలదే కానీ పిల్లలు చూసే సినిమా కాదది. అందులో అగు అనే ఆ కుర్రాడి చేతికి కత్తి ఇచ్చి మొదటి హత్య ఎలా చేయిస్తారో, వాళ్ళ దళానికి నాయకుడైన కమాండెంట్ వాణ్ణి రాత్రిపూట ఒంటరిగా పిలిపించుకుని ఏం చేస్తాడో నీకు తెలుసు, ఫోన్‌లో ఇంతకుముందే చూశానన్నావు. ఆ రెండో సంగతి నేరుగా చూపించరు, అయినా పద్నాలుగు పదిహేనేళ్ళ వాడికి అర్థమవుతుంది, అర్థమయ్యాక దాన్ని మనసులో పెట్టుకుని ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పుకోలేడు. పద్దెనిమిది నిండిన వాళ్ళని పిలువు. నీ పాత స్టూడెంట్లు, నీతో పాటు చెప్పే మాస్టార్లు, ఇష్టపడితే ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు. ఎనిమిది మంది చాలు.

వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్లు పెట్టడం, హాలు మాట్లాడటం లాంటివి కూడా వద్దు. అది ఇంట్లో చూసుకోవడానికి అమ్మిన డిస్క్. నలుగురినీ పిలిచి హాల్లో వేస్తే బహిరంగ ప్రదర్శన అవుతుంది, దానికి హక్కులున్న వాళ్ళ అనుమతి, సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. అది అలా ఉంచితే, అసలు ఈ సినిమాకి చిన్న గదే మేలు. చూశాక ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనపడాలి.

ఇక ప్లేయర్ సంగతి, నాకు ఎక్కువ టెన్షన్ దీని గురించే. నువ్వు తెప్పించింది అమెరికాలో మంచి సినిమాల్ని డిస్కులుగా అమ్మే క్రైటీరియన్ వాళ్ళు 2021లో తెచ్చిన బ్లూ-రే. బ్లూ-రేలకి ఏ ప్రాంతంలో ఆడాలో ఒక లాక్ పెడతారు, వాళ్ళవి మామూలుగా రీజియన్ ఏ, మన దేశం రీజియన్ సీ, అంచేత ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్‌లో పెడితే ‘ఈ ప్రాంతంలో ఆడదు’ అని తెర మీద ఒక ముక్క వచ్చి అక్కడితో ఆగిపోతుంది. జనం వచ్చి కూర్చున్నాక అది చూసుకుని లాభం లేదు. రీజియన్ లాక్ లేని ప్లేయర్ కావాలి. లాప్‌టాప్‌కి బ్లూ-రే డ్రైవ్ తగిలిస్తే అయిపోతుందనుకోకు, ఆ డిస్కుల మీద కాపీ రక్షణ ఉంటుంది కాబట్టి మామూలు సాఫ్ట్‌వేర్ చాలాసార్లు తెరవదు. ఒకరోజు ముందే మొత్తం ఆడించి చూసుకో, మొదటి పది నిమిషాలు కాదు, మొత్తం. యూపీఎస్ పెట్టుకో, ఎండాకాలం సాయంత్రం గుంటూరులో కరెంటు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రొజెక్టర్‌లో రంగులు పెంచే మోడ్ తీసేసి సినిమా మోడ్‌లో పెట్టు. తెర పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి, ఎవరైనా ‘పూర్తిగా నింపరా’ అంటే విననట్టే ఉండు. ఇంకొకటి, పిల్లలకి మత్తుమందు ఎక్కించి దాడికి తోలే చోట అడవిలో చెట్లన్నీ పచ్చదనం పోయి ఎరుపు, గులాబీ రంగుల్లోకి తిరుగుతాయి. ప్రొజెక్టర్ పాడైందేమోనని లేచి కేబుల్ పీకేవు! దర్శకుడు ఫుకునాగా కావాలని చేసింది అది, కెమెరా కూడా ఆయనదే. మాటలు ఇంగ్లీషే అయినా పశ్చిమాఫ్రికా యాస, మధ్యమధ్య ఘనాలో మాట్లాడే ట్వి భాష, అందుకని ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టే ఉంచు. కిటికీలు మూసుకో, మీ గోడా పక్కింటి గోడా ఒకటే, కాల్పులూ కేకలూ విని వాళ్ళు కంగారు పడతారు.

మొదలుపెట్టే ముందు ఉపన్యాసం ఇవ్వకు. ఈ కథ ఏ దేశంలోదో సినిమా కావాలనే చెప్పదు, తీసింది ఘనాలో, మూలం ఉజోదిన్మా ఇవేలా 2005లో రాసిన నవల. అంతవరకూ చెప్పి లైటు ఆపు. మొదట్లో ఆ టీవీ డబ్బా సీన్ వస్తుంది చూడు, దాని గురించి కాస్త రాయాలి. పిక్చర్ ట్యూబ్ లేని ఉత్త చట్రం పట్టుకుని అగు, వాడి స్నేహితులు ఊరంతా తిరుగుతారు, ఇది ఊహల టీవీ అని సైనికులకి అమ్మజూస్తారు. ఒకడు బయట నిలబడి ఛానల్ మారుస్తుంటే మిగతావాళ్ళు ఆ ఖాళీ చట్రం వెనక నిలబడి ఒకసారి డాన్సు, ఒకసారి ఫైటింగు, ఒకసారి ఏడుపు సీరియల్. గదిలో అందరూ నవ్వుతారు, నవ్వనీ. ఆ పిల్లాడు ఎంత చురుకైనవాడో, ఎంత అల్లరివాడో అక్కడే మనకి తెలిసేది, తర్వాత వాడి చేతికి తుపాకీ వచ్చినప్పుడు ఏం పోయిందో తెలియాలంటే ముందు ఆ నవ్వు ఉండాలి. అబ్రహం అట్టా అని, అంతకుముందు నటనంటే ఎరగని ఘనా పిల్లాడే ఆ వేషం వేశాడు, 2015 వెనిస్ ఉత్సవంలో కొత్త నటులకిచ్చే మార్చెల్లో మాస్ట్రోయాని అవార్డు వాడికే వచ్చింది.

సినిమా రెండు గంటల పదిహేడు నిమిషాలు. సాయంత్రం ఐదింటికే మొదలుపెట్టు. ఎందుకంటే అందరూ తప్పు చేసేది ఆఖర్లోనే. యుద్ధం అయిపోయింది, పిల్లలు కమాండెంట్‌ని వదిలేసి బయటికొచ్చేశారు, ఇంకేముంది అని తెనాలి బండి కోసం ఒకడు చెప్పులేసుకుంటాడు, ఇంకొకడు ఫోన్ తీస్తాడు. ఆ తర్వాతదే అసలు సినిమా. పిల్లల్ని ఒక బడిలాంటి చోట ఉంచుతారు, తిండి పెడతారు, ఒకావిడ ఎదురుగా కూర్చుని మాట్లాడమంటుంది, అగు నోరు విప్పడు. విప్పినప్పుడు, తాను చేసినవి చెబితే ఆవిడ తనని రాక్షసుడు అనుకుంటుందని అంటాడు, తనకీ ఒకప్పుడు అమ్మానాన్నలు ఉండేవాళ్ళనీ తనని ప్రేమించారనీ అంటాడు. ఆ మాటలప్పుడు ఎవరూ లేవకూడదు, గ్లాసు చప్పుడు కూడా ఉండకూడదు. టీ ఇవ్వాలనుకుంటే అంతకు చాలా ముందే ఇచ్చెయ్. పేర్లు పడటం పూర్తయ్యేదాకా లైటు వెయ్యకు. ఫోన్‌లో అయితే పేర్లు మొదలవగానే తెర చిన్నదైపోయి ఇంకో సినిమా చూస్తావా అని అడుగుతుంది, డిస్క్‌లో ఆ బెడద లేదు, నువ్వు ఇంత ఖర్చు పెట్టి తెప్పించుకున్నందుకు నాకు కనపడుతున్న పెద్ద లాభం అదే. డిస్క్‌లో డాక్యుమెంటరీ, కామెంటరీ ఉన్నాయి, అవి ఇంకోరోజు చూసుకోండి, అదే రాత్రి వద్దు.

తర్వాత మాట్లాడుకునేటప్పుడు ఎవరో ఒకరు ‘ఆఫ్రికాలో అంతేనండీ’ అంటారు. కోప్పడకు, కానీ ఆ మాటని అక్కడితో వదిలెయ్యకు. 1945లో బెర్లిన్ కాపలాకి హిట్లర్ పిల్లల్ని కూడా పంపాడు. శ్రీలంకలో ఎల్టీటీఈ పిల్లల్ని చేర్చుకుందని యూనిసెఫ్ ఏళ్ళ తరబడి చెప్పింది. మన పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులు పిల్లల్ని దళాల్లోకి తీసుకుంటున్నారని ఐక్యరాజ్యసమితి నివేదికల్లో వచ్చింది, అటు ప్రభుత్వం గిరిజన యువకులకి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసుల్ని చేస్తే 2011లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని ఆపించింది. ఇవి చెప్పు.

నేనైతే వాళ్ళ ముందు డొమినిక్ ఒంగ్వెన్ సంగతి పెడతాను. ఉగాండాలో బడికి వెళ్తున్న పిల్లాణ్ణి ఎల్ఆర్ఏ అనే తిరుగుబాటు సైన్యం వాళ్ళు ఎత్తుకుపోయారు, వాడు అందులోనే పెరిగి కమాండర్ అయ్యాడు, తనూ పిల్లల్ని ఎత్తుకొచ్చి సైన్యంలో పెట్టాడు. 2021లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 25 ఏళ్ళు శిక్ష వేసింది. పద్దెనిమిది నిండక ముందు చేసినదానికి ఆ కోర్టు ఎవరినీ విచారించదు, వాడికి శిక్ష పడింది పెద్దయ్యాక చేసినవాటికి. మరి అగు ఆ బడికి చేరకుండా ఇంకో పదేళ్ళు అడవిలోనే ఉండి ఉంటే? ఇది అడిగి నువ్వు ఊరుకో, వాళ్ళని మాట్లాడనీ. ఎవరైనా ఏడిస్తే ఓదార్చే తొందరలో టాపిక్ మార్చకు.

నీ పదో తరగతి పిల్లల్ని మాత్రం పూర్తిగా వదిలెయ్యమనటం లేదు. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళని యుద్ధంలోకి దింపకూడదన్న ఒప్పందం 2000లో వచ్చింది, మనదేశం 2005లో ఆమోదించింది. అది అమల్లోకి వచ్చిన ఫిబ్రవరి 12న చాలా దేశాల్లో పిల్లలు కాగితాల మీద ఎర్ర చేతి ముద్రలు వేసి నాయకులకి పంపుతారు. ఆ రోజు వాళ్ళకి ఒక గంట కేటాయించు, ఆ టీవీ డబ్బా కథ వరకూ నోటితో చెప్పు, చేతి ముద్రలు వేయించు. రంగు కడగడానికి బకెట్లో నీళ్ళు ముందే పెట్టుకో.

ప్లేయర్ దొరికిందో లేదో గురువారంలోగా చెప్పు. దొరక్కపోతే బెజవాడలో నా పాత స్నేహితుడి దగ్గర లాక్ లేనిది ఒకటి ఉంది, నేనే పట్టుకొస్తాను.

మీ పెదనాన్న