బకెట్లో పెట్టిన గ్యాలన్ ఏల్

అడిగిన ప్రశ్న: "ఆస్టిన్‌లో చిన్న అపార్ట్‌మెంట్. ఈ ఎండల్లో ఇంట్లోనే తేలికపాటి సమ్మర్ ఏల్ (ఒక రకం బీరు) చేసుకుందామని ఉంది. ఒక్క గ్యాలన్ (దాదాపు 3.8 లీటర్లు) కోసం అంత శ్రమ దండగా? మంచి రెసిపీ ఏది?"

నేనూ టెక్సస్‌లోనే, డాలస్ పక్కన ఉంటాను. ఆరేళ్లుగా గ్యాలన్ చొప్పునే చేస్తున్నాను. దండగ కానే కాదు. అసలు వేసవిలో చేస్తే గ్యాలనే చేయాలంటాను. రెసిపీ గురించి తర్వాత చెబుతాను, ముందు వేడి సంగతి.

మొదటిసారి చేసింది జూలైలో. కిట్‌తో వచ్చిన కాగితంలో "గది ఉష్ణోగ్రతలో ఉంచండి" అని రాసుంది. ఎవరి గది? ఏ ఊళ్లో? అలా రాసి అమ్మేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. పగలు ఇంట్లో ఎవరం ఉండం కాబట్టి ఏసీ 27 మీద వదిలేసి ఆఫీసుకి వెళ్లేవాళ్లం. గాజు జగ్గుని బట్టల అల్మరాలో చీకట్లో పెట్టాను. మర్నాటికే నురగ ఎయిర్‌లాక్ (గ్యాస్ బయటికి పోనిచ్చి, గాలి లోపలికి రానివ్వని మూత) దాకా పొంగింటే ఎంత సంబరపడ్డానో. మూడు వారాలయ్యాక సీసా తెరిస్తే నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన. మింగితే గొంతులో మంట.

అప్పుడు నాన్న మా దగ్గరే ఉన్నారు. పశ్చిమ గోదావరిలో ఒక చక్కెర ఫ్యాక్టరీ డిస్టిలరీ ల్యాబులో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. తాగే అలవాటు లేదు. గ్లాసు వాసన చూసి కింద పెట్టేసి, "పులిసేటప్పుడు లోపల ఎంత వేడుందో చూశావా?" అన్నారు. గది 27 అన్నాను. "గది సంగతి కాదురా. ఈస్ట్ పనిచేస్తుంటే దాని వేడి దానికి పుడుతుంది. ఎండాకాలం మా తొట్లకి పగలూ రాత్రీ నీళ్లు పారిస్తూనే ఉండేవాళ్లం."

వారం తిరక్కుండా మళ్లీ చేశాం. ఈసారి జగ్గుకి థర్మామీటర్ పట్టీ అంటించాం. గది 27, జగ్గు 30! నేను వాడిన యూఎస్-05 ఈస్ట్‌కి 18 నుంచి 20 మధ్య ఉంటే రుచి శుభ్రంగా వస్తుంది. నాన్న ఇల్లు తుడిచే బకెట్ తెచ్చి కడిగి, జగ్గుని అందులో నిలబెట్టి, మెడ దాకా నీళ్లు పోశారు. గడ్డకట్టించిన నీళ్ల బాటిళ్లు రెండు అందులో వేసి, పైన తడి తువ్వాలు కప్పి, దాని అంచు నీళ్లలో మునిగేలా వదిలారు. నాలుగు రోజులు తెల్లారకముందే లేచి బాటిళ్లు మార్చారు. క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో అంకెలు రాసుకున్నారు: 19, 20, 19, 19. మొదటి మూడు నాలుగు రోజులే కీలకమట. ఆ బీరు సీసా తెరిచినప్పుడు నాన్న జీవితంలో మొదటిసారి రెండు గుక్కలు తాగారు. "ఇప్పుడు సరిగ్గా పులిసింది" అన్నారు.

గ్యాలనే ఎందుకంటే, అది బకెట్లో పడుతుంది. ఐదు గ్యాలన్లంటే ఇరవై కిలోల బరువు, దానికి వేరే ఫ్రిజ్ కావాలి.

ఇక రెసిపీ. పేల్ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) 650 గ్రాములు, ఇండియన్ షాపులో దొరికే మందపాటి అటుకులు 100 గ్రాములు. అటుకులు ఉడికించక్కర్లేదు, నేరుగా మాల్ట్‌తో పాటు 65 డిగ్రీల నీళ్లలో గంటసేపు నానితే చాలు. అటుకుల వల్ల బీరు చిక్కదనం తగ్గి తేలిగ్గా ఉంటుంది. వడకట్టి, 8 గ్రాముల సాజ్ రకం హాప్స్ (బీరుకి చేదునిచ్చే ఎండు పూలు) వేసి గంట మరిగించి, చల్లార్చి, ఈస్ట్ మూడు నాలుగు గ్రాములు చల్లండి. ఆల్కహాల్ నాలుగు శాతం దాటి కాస్త వస్తుంది. హాప్స్ మాత్రం ఇంకా వేయకండి. ఇక్కడ ఏ బార్‌కి వెళ్లినా వేపాకు నమిలినట్టుండే ఐపీఏలే (హాప్స్ దట్టించిన బీర్లు), నలభై డిగ్రీల ఎండలో అది ఎలా తాగుతారో నాకు అర్థం కాదు.

హైడ్రోమీటర్ (పులుస్తున్న ద్రవం సాంద్రత కొలిచే గొట్టం) రెండు మూడు రోజులు ఒకే అంకె చూపించాకే సీసాల్లో పోయండి. సీసాలో గ్యాస్ పట్టడానికి గ్యాలన్‌కి చక్కెర 22 గ్రాములు. తొందరపడితే సీసాలు పేలతాయి, గాజు ముక్కలతో ఆటలొద్దు. ముదురు గోధుమరంగు సీసాలే వాడండి. వెలుతురు తగిలితే హాప్స్ కంపు కొడతాయి.

మా చుట్టాల్లో కొందరు "సారా కాస్తున్నాడట" అని ప్రచారం చేశారు. నాన్నకి అది చాలా బాధ కలిగించింది. బట్టీ పెట్టి దించడం పూర్తిగా వేరు, దాని జోలికి పోకండి. ఇంటి వాడకానికి బీరు చేసుకోవడానికి 1978లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టమే అనుమతిచ్చింది: ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అమ్మకూడదు. ఇది చదివి ఆంధ్రలోనో తెలంగాణలోనో మొదలుపెట్టకండి, అక్కడ లైసెన్సు లేకుండా చేయడం నేరం.

మీరు ఈ వారాంతం మొదలుపెట్టేట్టయితే నీళ్ల బాటిళ్లు ఇవాళే ఫ్రీజర్లో పెట్టండి. నాలుగు కావాలి: రెండు బకెట్లో ఉంటే రెండు గడ్డకడుతూ ఉండాలి.