మేనకోడలికి, క్లియర్ కోట్ కొట్టే ముందు

అమ్మలూ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నీ మీద పెద్ద ఫిర్యాదే చేసింది. "తుక్కుకి పోవాల్సిన కారు కొనుక్కొచ్చి, ముక్కముక్కలుగా విప్పి షెడ్డంతా పరిచింది అన్నయ్యా. హాట్ రాడ్ చేస్తుందట, అంటే పాత కారుని విప్పి తన ఇష్టానికి మార్చుకోవడమట. రంగు కూడా తనే కొడుతుందట. అంతా నీ పోలికే" అంది. ఆ ఆఖరి మాట విన్నాక మిగిలిన ఫిర్యాదేదీ నా చెవికెక్కలేదు. మన కుటుంబంలో పెయింట్ గన్ పట్టడం నాతోనే ఆఖరనుకున్నాను. నువ్వు పడతావంటే నాకెంత సంబరంగా ఉందో చెప్పలేను.

ఆ సంబరం నువ్వు పంపిన ఫోటోలు తెరిచేదాకానే నిలిచింది.

మూతికి చున్నీ చుట్టుకుని పాత తలుపు మీద పొడి ఎమరీ రుద్దుతున్నావు. పక్కనే తమ్ముడు కూర్చున్నాడు, వాడికి ఆ చున్నీ కూడా లేదు. నేలంతా రంగు పొడి. ఎవరు చెప్పారే నీకు ఇలా చెయ్యమని? అంత పాత బండి రంగులో సీసం ఉండొచ్చు. దాని కింద మొదటి పూతగా వేసే ప్రైమర్‌లో క్రోమేట్ అనే విష పదార్థం ఉండొచ్చు. సీసం పెద్దవాళ్లకి చెడు చేస్తుంది, పిల్లలకైతే మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. ఈ ఉత్తరం చదవగానే ముందు వాణ్ణి ఆ షెడ్డులోంచి బయటికి పంపు. పాత రంగుని తడి పేపర్‌తోనే తియ్యి, పొడి లేవనివ్వకు. సన్నటి దుమ్మునాపే అసలైన మాస్కు పెట్టుకో, గుడ్డ ఏదీ దానికి సాటి రాదు. నేలని చీపురుతో ఊడవకు, తడిగుడ్డతో తుడిచెయ్యి. ఆ పనిబట్టలతో ఇంట్లోకి రాకు, వాటిని విడిగా ఉతుకు. వాడికి బండి మీద ఆశ ఉంటే నట్లు బోల్టులు డబ్బాల్లో సర్ది పేర్లు రాసే పని ఇవ్వు. రేపు బిగించేటప్పుడు నీకు అన్నిటికంటే పనికొచ్చేది అదే.

తిట్టడం అయింది. ఇక పని.

కడగడం, జిడ్డు తియ్యడం రుద్దడానికి ముందే జరగాలి. ముందు రుద్దితే మైనం, గ్రీజు ఆ గీతల్లోకే దిగుతాయి. ఒక గుడ్డతో జిడ్డు తీసే మందు రాసి, అది ఆరకముందే ఇంకో పొడిగుడ్డతో తుడిచెయ్యి. ఇనుము బయటపడిన చోట ఎపాక్సీ ప్రైమర్ వెయ్యడానికి రేపటిదాకా ఆగకు.

పుట్టీ సంగతి మాత్రం కాస్త ఓపిగ్గా చదువు. సొట్టని పుట్టీతో పూడ్చడానికి చూడకు. సుత్తితో, రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ డాలీతో రేకుని వీలైనంత సరిచేసి, మిగిలిన చిన్న తేడాకే పుట్టీ పెట్టు. 3 మిల్లీమీటర్లు దాటుతోందంటే రేకు పని ఇంకా పూర్తికాలేదని అర్థం. పాత రంగుని తడిగా తియ్యమన్నానని పుట్టీని కూడా తడిపేస్తావేమో, వద్దు. పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది. పైన రంగు పడ్డాక ఆ తడి లోపలే ఉండిపోయి, కొన్నాళ్లకి బుడగలై లేస్తుంది. దాన్ని పొడిగానే రుద్దాలి, దుమ్ము మాస్కుతోనే. ముందు గరుకైన 80 నంబరు ఎమరీ పేపర్, తర్వాత సన్నటి 180. పేపర్‌ని ఎప్పుడూ పొడవాటి బ్లాకుకి చుట్టి, ఏటవాలుగా అటొకసారి ఇటొకసారి రుద్దు. ఉత్త చేత్తో రుద్దితే వేళ్ల మధ్య సందులన్నీ రేకు మీద గాడులై పడతాయి. ఇప్పుడు కనబడవు, మెరుపు వచ్చాక ఎండలో ఒక్కొక్కటీ కనబడుతుంది.

ప్రైమర్ మీద పల్చగా నల్లరంగు దుమ్ములా చల్లి, 320తో, 400తో బ్లాకు రుద్దు. ఎక్కడ నలుపు మిగిలిందో అక్కడ పల్లం. ఎక్కడ ముందుగా ఇనుము తేలిందో అక్కడ మిట్ట. కంటిని నమ్మకు, ఆ నలుపుని నమ్ము. లోహపు పొడితో మెరిసే మెటాలిక్ రంగు వేసేట్టయితే ఆఖరున 600 దాకా వెళ్లు. ఈ దశలో విసుగొస్తుంది, నాకూ వచ్చేది. విసుగొచ్చిన రోజు గన్ జోలికి పోకుండా ఇంట్లోకి వెళ్లి పడుకో.

రంగు విషయానికి వస్తే, క్యాండీ యాపిల్ రెడ్ అన్నావట. నీ కంటికి దండం పెట్టాలి. కాలిఫోర్నియాలో జో బెయిలన్ అనే ఆయన కార్ల వెనక దీపాల ఎరుపు చూసి మోజుపడి, ఆ లోతైన ఎరుపు కోసం ఏళ్ల తరబడి తంటాలుపడి సాధించాడు. దాని గుట్టేమిటంటే ఎరుపు నేరుగా కనబడదు. కింద వెండి రంగో బంగారు రంగో మెటాలిక్ బేస్ ఉంటుంది. దాని మీద అద్దంలా పారదర్శకంగా ఉండే ఎర్రటి పొరలు పడతాయి. వెలుగు ఆ పొరల్లోంచి దిగి, బేస్‌ని తాకి వెనక్కి వస్తుంది. అందుకే ఆ లోతు, అందుకే ఆ కష్టం. ప్రతి పొరకీ రంగు ముదురుతుంది. చెయ్యి ఒకచోట క్షణం ఎక్కువ ఆగితే అక్కడ చార. రేపు ఒక తలుపుకి గీత పడితే ఆ కాస్త చోటే సరిచేసి కలపడం దాదాపు అసాధ్యం. మొదటి బండికి ఇది వద్దని నా మాట. మామూలు ఎరుపు తీసుకో. హాట్ రాడ్లు మొదలైన రోజుల్లో కుర్రాళ్లు ఉత్త ప్రైమర్ మీదే తిప్పేవాళ్లు, ఆ మెరుపులేని తీరు ఇప్పటికీ ఇష్టపడేవాళ్లున్నారు. అయినా నువ్వు వినవని తెలుసు, మీ అమ్మ వినేదా? వినకపోతే కనీసం ఇది చెయ్యి. పాత బానెట్ ఒకటి తెచ్చి దాని మీద మొత్తం వరస, బేస్ నుంచి ఆఖరున పడే పారదర్శకమైన మెరుపు పూత క్లియర్ దాకా, చేసి చూసుకో. ఎన్ని పొరలకి ఏ ఎరుపు వస్తుందో చిన్న చిన్న రేకుల మీద కొట్టి, వెనక పొరల సంఖ్య రాసిపెట్టుకో. రంగు డబ్బాలన్నీ ముందే ఒకే పెద్ద డబ్బాలో కలిపేసుకో, డబ్బాకీ డబ్బాకీ తేడా ఉంటుంది. తలుపులు విడిగా కొడితే అవి బండికి ఎలా ఉంటాయో అలాగే నిలబెట్టి కొట్టు. పడుకోబెడితే మెటాలిక్ పొడి వేరేగా సర్దుకుని, బిగించాక వేరే రంగులా కనబడుతుంది.

గన్‌కి బేస్, క్లియర్ అయితే 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల నాజిల్ చాలు. రేకుకి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం. చెయ్యంతా కలిసి కదలాలి, మణికట్టు ఒక్కటే తిరిగితే మధ్యలో మందం, చివర్లో పల్చన. ట్రిగ్గర్ రేకు మొదలుకి ముందే నొక్కు, రేకు దాటాకే వదులు. ప్రతి వరస ముందుదాన్ని సగం కప్పాలి, క్యాండీకైతే ముప్పావు. కంప్రెసర్‌లో నీరు చేరుతుంది, నీటి ఫిల్టర్ లేకుండా మొదలుపెట్టకు. డ్యాష్‌బోర్డు మెరిపించే స్ప్రేలు, సిలికాన్ పాలిష్‌లు ఆ షెడ్డులో ఉండకూడదు. గాలిలో కాస్త సిలికాన్ ఉన్నా రంగు చేపకళ్లలా విచ్చుకుంటుంది.

థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు. నేల మీద పరుచుకుని దూరంగా పాకుతుంది. వాటర్ హీటర్, గ్యాస్ మంట, స్విచ్ నిప్పురవ్వ, ఏదైనా దానికి చాలు. ఇంట్లో వాడే ఫ్యాన్‌ని కిటికీలో పెట్టి గాలి బయటికి లాగుదామనుకుంటావేమో, దాని మోటారులోనే నిప్పురవ్వ పుట్టొచ్చు. ఆవిరికి తగ్గ ఫ్యాన్ వేరే ఉంటుంది. మంటలార్పే సిలిండర్ తలుపు దగ్గర పెట్టు.

సీసం, మంటల సంగతి తప్పిస్తే, ఇంతవరకూ రాసినదాంట్లో ఏది తప్పినా మళ్లీ గీకి మళ్లీ కొట్టొచ్చు. ఇప్పుడు రాసేది అలాంటిది కాదు, నెమ్మదిగా చదువు.

నాతో పనిచేసిన ఒకాయన్ని మేమంతా అన్న అనే పిలిచేవాళ్లం. షెడ్డులో ఎంతమందిమి ఉన్నా క్లియర్ కొట్టాల్సి వస్తే గన్ ఆయన చేతికే వెళ్లేది. ఆయన కొట్టిన తలుపులో ముఖం చూసుకుని తల దువ్వుకునేవాళ్లం. లాకర్ పెయింట్ల కాలం, అంటే థిన్నర్ ఆవిరైపోతే ఆరిపోయే పాతరకం రంగుల కాలం మనిషి, జేబురుమాలు కట్టుకుని జీవితమంతా లాకరే కొట్టాడు. లాకర్ ఘాటు తెలుస్తుంది. కళ్లు మండుతాయి, తల తిరుగుతుంది, మనిషి తనంతట తనే బయటికి వస్తాడు. తర్వాత హార్డెనర్, అంటే రంగుని గట్టిపరిచే మందు, కలిపి కొట్టే టూ-ప్యాక్ రంగు వచ్చింది. మెరుపు చూసి అందరం మురిసిపోయాం. అందులో ఘాటు తక్కువనిపించింది. రంగు మారింది, రుమాలు మారలేదు.

ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. దానికి హెచ్చరించే వాసన లేదు. వాసన తెలిసేసరికే హద్దు దాటిపోయి ఉంటుంది. అన్నకి మొదట సాయంత్రాలు దగ్గు వచ్చేది. షెడ్డులో ఉన్నంతసేపూ బాగానే ఉండి, ఇంటికెళ్లాక, రాత్రి పడుకున్నాక ఛాతీ బిగుసుకునేది. అందుకే ఎవరికీ పని మీద అనుమానం రాలేదు. జలుబన్నారు, దుమ్మన్నారు, వయసన్నారు. సెలవుల్లో తగ్గేది, పనిలోకి రాగానే తిరగబెట్టేది. తగ్గినప్పుడల్లా నయమైందనుకుని మళ్లీ గన్ పట్టేవాడు. అదీ ఆయన చేసిన తప్పు. ఒంట్లో ఒకసారి ఆ మందుకి పడకపోవడం మొదలైతే ఇక వెనక్కి పోదు. తర్వాత రవ్వంత చాలు.

ఒకరోజు ఆయన పనిచెయ్యడం లేదు. పక్క గదిలో వేరే కుర్రాడు క్లియర్ కొడుతున్నాడు. అన్న తన పెట్టె తీసుకోవడానికి లోపలికి వచ్చాడు. పెట్టె పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే గోడకి జారిపోయాడు. ఊపిరి లోపలికి పోవడం లేదు. పెదాలు నీలం తిరిగాయి. ఎత్తుకుని పరిగెత్తాం. బతికాడు. డాక్టరు ఆ మందు వాసన తగిలే చోటికి జన్మలో వెళ్లొద్దన్నాడు. క్లియర్ కొట్టడంలో అంతటి పనివాడు ఆ తర్వాత షెడ్డు గుమ్మం తొక్కలేకపోయాడు. ఆ హెచ్చరిక డబ్బా మీద మొదటినుంచీ ఉంది. చదివి చెప్పినవాళ్లు లేరు, కాబట్టే నేను నీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

బొగ్గు గుళికల మాస్కు ఉందిగా మామయ్యా అంటావు. ఆ గుళిక ఎప్పుడు నిండిపోయిందో వాసన రాని మందుతో నీకు తెలియదు. కావాల్సింది బయటినుంచి శుభ్రమైన గాలి గొట్టంలో వచ్చే, తలంతా కప్పే హుడ్. ఆ గాలి పంపు రంగు పొగమంచు చేరని చోట ఉండాలి. రంగు కొట్టే నూనె కంప్రెసర్ గాలినే పీల్చకు, అది వేడెక్కితే కార్బన్ మోనాక్సైడ్ రావొచ్చు. ఇది చర్మం గుండా కూడా హాని చేస్తుంది, కాబట్టి నైట్రైల్ గ్లవ్స్, ఒళ్లంతా కప్పే సూటు. గన్ ఆపగానే హుడ్ తియ్యకు, పొగమంచు ఇంకా గాలిలోనే ఉంటుంది. క్లియర్ ఒక్కటే కాదు, చాలా టూ-ప్యాక్ ప్రైమర్లలోనూ ఇదే ఉంటుంది. ప్రతి హార్డెనర్ డబ్బా మీదా ఆ పేరు వెతుకు. క్లియర్ పూర్తిగా గట్టిపడకముందు రుద్దితే ఆ పొడి కూడా మంచిది కాదు.

ఇదంతా సమకూర్చుకోలేకపోతే ఇంకో దారి ఉంది, అందులో చిన్నతనమేమీ లేదు. రేకు పని, పుట్టీ, రుద్దుడు అన్నీ నువ్వే చెయ్యి. హార్డెనర్ పడే కోట్ల కోసం బండిని రంగు కొట్టుకునే అద్దె గదికి, అదే బూత్‌కి తీసుకెళ్లు. అక్కడ గాలి లాగే ఏర్పాటుంటుంది, హుడ్ మాత్రం అక్కడా తప్పదు. బండి నీ బండే, రంగు నీ రంగే. ఇంటి పక్కవాళ్ల పిల్లలు కూడా ఆ గాలి పీల్చకుండా ఉంటారు.

కొట్టాక ఎక్కడైనా కారితే వేలు పెట్టకు, గట్టిపడ్డాక బ్లాకుతో తీసెయ్యొచ్చు. పైన కమలాపండు తొక్కలా వస్తే ఏడవకు. 1500, 2000, 3000 తడి పేపర్లు, ఆ పైన పాలిష్, అంతా దిగుతుంది. నా చేతికి ఇప్పటికీ ఆ పని మీద ఆశే, అది నాకు వదిలెయ్యి.

హుడ్ నేను కొని పంపిస్తాను, వద్దనకు. తల చుట్టుకొలత కొలిచి రాయి. క్లియర్ ఎప్పుడు కొడుతున్నావో ముందే చెబితే వస్తాను. గన్ నువ్వే పట్టు, నేను బయట పంపు దగ్గర కూర్చుని నీకు గాలి అందుతోందో లేదో చూసుకుంటాను. తమ్ముణ్ణి ఆరోజు అమ్మమ్మ దగ్గరికి పంపమని మీ అమ్మతో అప్పుడే చెప్పేశాను.

మీ మామయ్య